బొగ్గుబాయి పనికి జీతం ఎక్కువైతే ప్రాణం విలువ ఎంత? లెక్కలోంచి కాంట్రాక్టు వాళ్లను తీసేయొచ్చా?

గోదావరిఖని పిల్ల అడిగింది:

ఎంఏ ఎకనామిక్స్ రెండో ఏడు చదువుతున్న. ప్రమాదం ఎక్కువున్న పనికి జీతం ఎంత ఎక్కువ ఇస్తున్నరో చూసి, దాంట్లకెళ్లి ప్రాణానికి జనం ఎంత విలువ కడుతున్నరో అంచనా వేయడం నా ప్రాజెక్టు. పద్ధతి నాకు అర్థమైన కాడికి చెప్తా.

రెండు పనులున్నయి అనుకుందాం. అన్నీ ఒకటే గని రెండో పనిల ఏడాదికి పది వేల మందిల ఒకరు ఎక్కువ చనిపోతరు. ఆ పనికి ఏడాదికి 3,000 రూపాయలు ఎక్కువిస్తే మనుషులు వస్తున్నరు. పది వేల మందికి కలిపి ఆ అదనం 3 కోట్లు. దానికి బదులు పోయేది ఒక ప్రాణం, ఎవరిదో ముందుగాల తెల్వదు. కాబట్టి ఆ 'గణాంక ప్రాణం' విలువ 3 కోట్లు. ఇవి పుస్తకంల ఉదాహరణ కోసం వేసే అంకెలే, ఎక్కడా కొలిచినవి కావు.

మా బాపు బాయిల కప్పు కూలకుండ దిమ్మెలు నిలబెట్టే టింబర్‌మన్. అందుకే బొగ్గుబాయి పనే తీసుకున్న. యైటింక్లైన్ కాలనీల, చుట్టుపక్కల బస్తీలల్ల తిరిగి పర్మినెంటు కార్మికులను, కాంట్రాక్టు కార్మికులను ఇద్దరినీ ప్రశ్నలడిగిన: వయసు, చదువు, సర్వీసు, పని, జీతం. పనిని బట్టి ప్రమాదం రేటు పెట్టి లాగ్ జీతం మీద రెగ్రెషన్ (మిగతావన్నీ ఒకటే అయితే ప్రమాదంతోని జీతం ఎట్ల మారుతదో చూసే సమీకరణం) వేస్తే ప్రమాదం ముందు గుర్తు మైనస్ వచ్చింది. అంటే ప్రమాదం పెరిగినకొద్ది జీతం తగ్గుతున్నది. ఈ లెక్కన ప్రాణం విలువ సున్నా కంటే తక్కువ!

మా గైడు సారు చూసి, "కాంట్రాక్టు వాళ్లను తీసెయ్, గుర్తు సరి అయితది. వాళ్ల మార్కెట్ వేరు" అన్నరు. తీసేసి చూసిన. నిజంగనే ప్లస్ వచ్చింది, అంకె గూడ పెద్దదే వచ్చింది. గని మనసు ఒప్పుతలేదు. ఎవరి జీతం తక్కువో, ఎవరికి దెబ్బలు ఎక్కువ తగుల్తున్నయో వాళ్లనే తీసేసి ప్రాణం విలువ ఇంత అని రాసుడు న్యాయమేనా? లేకపోతే ఇది నిజంగనే పద్ధతి ప్రకారం చేసేదేనా?

ఈ ప్రాజెక్టు గురించి బాపుకు చెప్తే "నా పానం లెక్క తీస్తున్నవా బిడ్డా, మరి ఎంతొచ్చింది?" అని అడిగిండు. మైనస్ వచ్చిందని చెప్పలే.

రెగ్రెషన్ రావు (విజయవాడ) జవాబు:

తీసేయకూడదమ్మా. గుర్తు నచ్చలేదని మనుషుల్ని తీసేస్తే మనం అంచనా వేసినట్టు కాదు, మనకు కావలసిన జవాబు రాయించుకున్నట్టు. అయితే మీ గైడు గారి మాటలో సగం నిజముంది: వాళ్ల మార్కెట్ వేరే. వేరే అయితే రెండు సమీకరణాలు వేసి, రెండూ చూపించాలి. ఒకదాన్ని దాచిపెట్టడానికి అది కారణం కాదు.

కారణం ఏమిటంటే, ఈ పద్ధతిలో జీతానికీ ప్రమాదానికీ మధ్య మనం గీసే గీత యజమానులు కార్మికుల ముందు పెట్టే బేరాల వరుస. ప్రమాదం ఎక్కువ పనికి ఎక్కువ ఇస్తామంటారు, కార్మికుడు ఆ వరుసలో తనకు నచ్చిన చోట ఆగుతాడు. అందరి ముందూ ఒకే వరుస ఉంటేనే ఒకే గీత గీయొచ్చు. పర్మినెంటు వాళ్లకి పెట్టిన బేరం వేరు, కాంట్రాక్టు వాళ్లకి పెట్టిన బేరం వేరు. రెండో వరుస మొత్తం కిందకి దిగి, పైగా ప్రమాదం ఎక్కువ వైపుకి జరిగి ఉంటుంది. రెండింటినీ కలిపి ఒక గీత గీస్తే అది కిందకి వాలుతుంది. మీ మైనస్ అదే.

అమెరికాలో ఇదే కనిపించింది. జోనీ హెర్ష్, కిప్ విస్కూసీ అనే ఆర్థికవేత్తలు 2010లో వలస కార్మికుల జీతాలు విడిగా చూశారు. మెక్సికో నుంచి వచ్చినవాళ్లు ఎక్కువ ప్రమాదంలో పనిచేస్తున్నా వాళ్లకి దక్కే అదనం తక్కువ. ఇంగ్లీషు రానివాళ్లలో అయితే ఆ అదనం ఉందని చెప్పుకోదగ్గ ఆధారమే దొరకలేదు. వాళ్లకి ప్రాణం మీద తీపి లేదని కాదుగా దీనర్థం.

మీ ప్రమాదం రేటు ఎక్కడిది? అది కూడా చూసుకోవాలి. ఈ రంగంలో తొలినాటి పేరున్న పత్రం రిచర్డ్ థేలర్, షెర్విన్ రోజెన్‌లది, 1976లో అచ్చయింది. ప్రమాదం అంకెలు జీవిత బీమా గణకుల దగ్గర తీసుకున్నారు. 1967 నాటి డాలర్లలో ప్రాణం విలువ సుమారు 2 లక్షలు వచ్చింది. కానీ బీమా లెక్కలో ఆ వృత్తివాడు ఏ కారణంతో పోయినా చావే. అందుకని ఆ పట్టికలో వంటవాళ్లకి లక్షకి 132 అదనపు మరణాలు, అగ్నిమాపక సిబ్బందికి 44! గరిటె తిప్పేవాడు మంటల్లోకి వెళ్లేవాడికంటే మూడింతలు ప్రమాదంలో ఉన్నాడని నమ్మాలన్నమాట. ఆ పనుల్లోకి వచ్చేవాళ్ల ఆరోగ్యం, అలవాట్లు అన్నీ ఆ అంకెలో కలిసిపోయాయి. పని చేస్తూ పోయినవాళ్లను ఒక్కొక్కరినీ విడిగా లెక్కపెట్టే గణన అమెరికాలో 1992లో మొదలయ్యాక ఈ చిక్కు చాలావరకు తీరింది.

మన దేశంలో మద్రాసు, బొంబాయి ఫ్యాక్టరీ కార్మికుల జీతాల మీద ఇలాంటి పనులు జరిగాయి. 1999లో సైమన్, క్రాపర్, అల్బెరీని, అరోరా వేసిన లెక్కలో 1990 ధరల్లో 64 లక్షల నుంచి కోటిన్నర దాకా వచ్చింది. మనిషి బతికుంటే సంపాదించే మొత్తానికి అది 20 నుంచి 48 రెట్లు. తర్వాత ఢిల్లీలో రోడ్డు ప్రమాదం తగ్గడానికి ఎంత ఇస్తారని జనాన్ని నేరుగా అడిగి భట్టాచార్య, అల్బెరీని, క్రాపర్ తేల్చింది 2005 ధరల్లో 13 లక్షలు. పదిహేనేళ్లలో పెరిగిన ధరలు కూడా కలుపుకుంటే తేడా ఎంత పెద్దదో చూడండి. క్రాపర్, అల్బెరీని రెండింట్లోనూ ఉన్నారు, కాబట్టి చేసినవాళ్లకి చేతకాక వచ్చిన తేడా కాదు. నా ఉద్దేశంలో, పెద్ద ఫ్యాక్టరీల జీతంలో యూనియన్ బలం, ఉద్యోగ భద్రత కలిసి ఉంటాయి, అవన్నీ ప్రమాదం ఖాతాలో పడిపోతాయి. మీకు వచ్చిన 'పెద్ద ప్లస్' కూడా ఆ జాతిదేనని అనుమానం.

మీ నాన్నగారి విషయానికొస్తే, ఆ అంకె ఏదైనా అది ఆయన ప్రాణం ఖరీదు కాదు. ఆర్థికవేత్త థామస్ షెల్లింగ్ 1968లోనే ఫలానా మనిషి ప్రాణాన్నీ, ఎవరిదో తెలియని గణాంక ప్రాణాన్నీ వేరుచేసి మాట్లాడాడు. 2025 ఫిబ్రవరిలో శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగంలో 8 మంది చిక్కుకుంటే రెండు నెలలు ఎన్ని సంస్థలు వెతికాయో చూశాం. తలకి ఎంతవుతోందని అక్కడ ఎవరూ అడగలేదు, అడగకూడదు కూడా. ఈ లెక్క సొరంగం తవ్వకముందు, ఎవరు లోపల ఉంటారో తెలియనప్పుడు వేసుకోవాల్సింది.

పాత ఓవర్‌మన్ జవాబు:

బిడ్డా, నేను బదిలీ ఫిల్లర్‌గ (బొగ్గు ఎత్తేటోడు) ఎక్కి ఓవర్‌మన్‌గ (షిఫ్టుల పని చూసుకునేటోడు) దిగిపోయిన. రావు సారు చెప్పిన గీతలు నాకు తెల్వయి. జీతం చీటి చదువుడు తెలుసు, బాయి తెలుసు.

ముందుగాల ఒకటి చెప్పు. పర్మినెంటోళ్ల జీతం ఎవరు కడ్తరు? యాజమాన్యాలు, యూనియన్లు కలిసిన జేబీసీసీఐ కమిటీ కూసోని, దేశం మొత్తం సర్కారు బొగ్గుబాయిలకు ఒకటే ఒప్పందం చేస్తది. పదకొండో ఒప్పందం 2021 జూలై నుంచి లెక్క. కేటగిరీ ఒకటైతే బేసిక్ ఒకటే. గ్యాసు తక్కువున్న ఫస్టు డిగ్రీ బాయిల చేసినా అదే, గ్యాసు ఎక్కువున్న థర్డు డిగ్రీ బాయిల చేసినా అదే. కప్పు గట్టిగున్న సీమల (బొగ్గు పొరల) చేసినా, పిల్లర్లు తీసే కాడ గోఫ్ (బొగ్గు తీసి ఇడిసిన ఖాళీ) అంచుకు నిలబడి చేసినా అదే. ఇగ నువ్వు జీతంల ప్రమాదం యాడ దేవులాడ్తవు? ప్రమాదం బాయి బాయికి మారుతది, ఒక్క బాయిలనే ఈ డిప్పుకు (కిందికి వాలిన దారి) ఆ డిప్పుకు మారుతది. జీతం మారది.

అండర్‌గ్రౌండ్ అలవెన్స్ ఉంది గదా అంటవు. ఉంది. పంపు కాడ కూసున్నోనికి, ఫేస్‌ల బొగ్గు కాడ ఉన్నోనికి, హాలేజీ తాడు కాడ ఉన్నోనికి అందరికీ ఒకటే శాతం. మీ బాపు దిమ్మె నిలబెట్టకముందే ఆ కప్పు కిందికి పోవాలె. కర్రతోని కొట్టి చూస్తడు, టంగుమంటే మంచిది, డొల్ల చప్పుడు వస్తే యముడు పైన కూసున్నట్టే. పంపు ఖలాసీకి ఆ బాధ లేదు. అలవెన్స్ మాత్రం ఇద్దరికీ వస్తది.

పోనీ ఆ అలవెన్స్ దేనికిస్తున్నరు? చావు భయానికే అనుకుంటున్నవు. నాకు సర్ఫేస్ (బాయి పైన పని) ఇయ్యండి, ఆ అలవెన్స్ పోతే పోనీ అని అడిగేటోళ్లను ఎంతోమందిని చూసిన. కప్పు కూలి చస్తనని ఒక్కడు గూడ అనలే. మోకాళ్లు పోయినయి, డిప్పు ఎక్కలేకపోతున్న అంటడు. దమ్ము అంటడు. చెమటకు ఒళ్లంత పొక్కులు లేస్తున్నయి అంటడు. మూడో షిఫ్టు చేసి పగలు నిద్ర పడ్తలేదంటడు. భయం లేదా అంటే ఉంది, ఎవ్వడూ నోటితోని అనడు. ఇప్పుడు నువ్వు ఆ అలవెన్స్ మొత్తం పట్టుకపోయి 'ప్రాణం' అని రాస్తే మోకాళ్లు ఎవరి ఖాతాల రాస్తవు?

2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ బాయిలకు నీళ్లొచ్చి 17 మంది పోయిండ్రు. నీ చదువు లెక్కన ఆ రోజు తర్వాత బాయి పని ఎంత ప్రమాదమో అందరికీ తెలిసొచ్చింది గదా, ఇగ జీతం పెరిగితేనే దిగుతం అనాలె. నేనైతే ఎవ్వరి చీటిల ఒక్క పైస మారంగ చూడలే. చీటి మారేది ఒప్పందం రోజు, ప్రమాదం రోజు కాదు. ఇగ ఆదివారం ప్లేడే (సెలవు రోజు డ్యూటీ) ఇస్తే రెండు మస్టర్ల (హాజర్ల) పైసలు. కప్పు ఆదివారం ఏమన్న మెత్తగైతదా, అదే కప్పు! అయినా ప్లేడే కోసం కొట్లాడుకునేది. కాబట్టి నీ ప్రశ్నల కాయితంల ప్లేడే పైసలు జీతంల కలిపినవా లేదా చూసుకో. కలిపితే లెక్క ఇంక ఆగమైతది.

ఇవన్నిటికంటె పెద్దది ఇంకోటి ఉన్నది. మా కాలంల మనిషి జీతం కోసం ఒక్కదానికే దిగలే. ఏడాదికి 190 మస్టర్లు నింపాలె, పేరు నిలబడాలె, క్వార్టర్ ఉండాలె, దవాఖాన ఉండాలె, రేపు నాకేమన్న అయితే కొడుక్కు డిపెండెంటు నౌకరి రావాలె. ఆ నౌకరి చూసే పిల్లనిచ్చేది. నువ్వు జీతం అడిగినవు గని ఇది అడిగినవా? కాంట్రాక్టోనికి ఇందుల ఒక్కటి లేదు. వాని ఊరు ఓసీ (ఓపెన్‌కాస్ట్ గని) కింద పోయింది, భూమి పైసలు ఇల్లు కట్టంగనే అయిపోయినయి, అదే ఓసీల మట్టి పనికి వచ్చిండు. వానికి 'ఇంకో పని' ఏదున్నదని పోల్చి చూస్తవు?

గోదావరిఖని పిల్ల:

తాతా, దండాలు. ప్లేడే పైసలు కొందరు కలిపి చెప్పిండ్రు, కొందరు కలపకుండ చెప్పిండ్రు. మళ్లీ అడగాలె. డిపెండెంటు నౌకరి అయితే నా కాయితంల లేనే లేదు. మా ఇంట్ల రోజూ మాట్లాడుకునే ముచ్చటే.

రావు సార్, దాన్ని రూపాయలల్ల ఎట్ల పెట్టాలె? చనిపోతే వచ్చే పరిహారం గూడ లెక్కల కలపాలెనా?

రెగ్రెషన్ రావు:

కలపాలి. చనిపోతే కుటుంబానికి ఎక్కువ వస్తుందని ముందే తెలిస్తే, ప్రమాదానికి అడిగే అదనపు జీతం తగ్గుతుంది. విస్కూసీ, మైకేల్ మూర్ 1987లో అమెరికా కార్మిక పరిహారం గురించి చూపించింది ఇదే. మీ దగ్గర పరిహారంలో పెద్ద భాగం డబ్బు రూపంలో కాకుండా ఉద్యోగం రూపంలో వస్తోంది. రూపాయల్లో పెట్టాలంటే కొడుకు పర్మినెంటు జీతానికీ, ఆ ఉద్యోగం రాకపోతే బయట వచ్చే జీతానికీ తేడాని సర్వీసు కాలమంతా లెక్కకట్టి నేటి విలువకి తేవాలి. పిల్లలు ఉన్నారా, వాళ్ల వయసెంత అన్న ప్రశ్న కూడా కావాలి. కష్టమే, కానీ ఇదొక్కటి చేసినా మీ ప్రాజెక్టు నిలబడుతుంది. నేను చూసిన పత్రాల్లో ఈ ఉద్యోగం సంగతి ఎవరూ లెక్కించలేదు.

ఓవర్‌మన్ గారి మోకాళ్ల మాట గురించి ఒక ముచ్చట. 1776లో ఆడం స్మిత్ ఈ సిద్ధాంతానికి పునాది వేసింది బొగ్గు కార్మికుడి ఉదాహరణతోనే. కమ్మరి పన్నెండు గంటల్లో సంపాదించేది బొగ్గు తవ్వేవాడు ఎనిమిది గంటల్లో సంపాదిస్తాడు, ఎందుకంటే కమ్మరి పనిలో మురికి తక్కువ, ప్రమాదం తక్కువ, పగటి వెలుతురులో, నేల మీద జరుగుతుంది అన్నాడు. మురికి, చీకటి, పాతాళం, ప్రమాదం అన్నీ ఒకే మూటలో కట్టాడు చూడండి. తర్వాతివాళ్లు ఆ మూట విప్పి ప్రమాదం ఒక్కటే బయటికి తీయగలమన్నారు. గాయాల రేటు విడిగా, పని పరిస్థితులు విడిగా సమీకరణంలో పెట్టి కొంతవరకు తీశారు కూడా. ఇంకో సంగతి: స్కాట్లండులో బొగ్గు కార్మికుడికి మామూలు కూలీకి మూడింతలు వస్తుందని కూడా స్మిత్ రాశాడు. ఆ స్కాట్లండు గని కార్మికులు గనికి కట్టుబడిన బానిసలాంటి వాళ్లు, 1799 దాకా పూర్తి విడుదల లేదు. స్వేచ్ఛగా పని ఎంచుకున్నాడు కాబట్టి జీతమే రుజువు అనే సిద్ధాంతానికి తొలి ఉదాహరణ అది! నాకు ఇది ఎప్పుడు తలుచుకున్నా తమాషాగానే ఉంటుంది.

కేసుల కట్ట (హైదరాబాద్) జవాబు:

లాయర్‌ని. మీ కోట్ల సిద్ధాంతాలు కోర్టులో ఎవరూ అడగరు. అక్కడ నడిచేది బతికుంటే ఎంత సంపాదించేవాడన్న లెక్కే.

1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం (ఇప్పుడు సామాజిక భద్రతా కోడ్‌లో కలిపారు) ప్రకారం పనిలో చనిపోతే నెల జీతంలో సగాన్ని వయసుకి తగ్గ గుణకంతో హెచ్చిస్తారు. జీతం ఎంతున్నా లెక్కలోకి తీసుకునేది 15,000 దాకే, 2020 జనవరి నుంచి ఇదే పరిమితి. 35 ఏళ్లవాడికి గుణకం 197.06. అంటే 7,500 ఇంటూ 197.06, మొత్తం 14,77,950 రూపాయలు. 55 ఏళ్లవాడైతే గుణకం 135.56, వచ్చేది 10,16,700.

అదే 35 ఏళ్ల మనిషి, అదే 15,000 జీతం, డ్యూటీకి సంబంధం లేకుండా రోడ్డు మీద లారీ గుద్ది పోయాడనుకోండి. 2017 ప్రణయ్ సేఠీ తీర్పు ప్రకారం పర్మినెంటు ఉద్యోగం కాకపోతే భవిష్యత్తు పెరుగుదలకి 40 శాతం కలుపుతారు, 21,000 అవుతుంది. నలుగురు ఆధారపడి ఉంటే సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తే 15,750. ఏడాదికి 1,89,000. 2009 సరళా వర్మ తీర్పులో ఈ వయసుకి గుణకం 16. మొత్తం 30,24,000, మిగతా చిన్న పద్దులు అదనం. ఒకే మనిషి, పనిలో పోతే ఒక రేటు, రోడ్డు మీద పోతే దానికి రెట్టింపు పైన.

ఇక వార్తల్లోకెక్కిన ప్రమాదమైతే ఈ పట్టికలేవీ లేవు. విశాఖలో 2020 గ్యాస్ లీకు, అచ్యుతాపురంలో 2024 పేలుడు, పాశమైలారంలో 2025 పేలుడు, మూడింటికీ పోయిన ఒక్కొక్కరి కుటుంబానికి ప్రకటించింది కోటి రూపాయలు. ఒక్కడే పోతే పట్టిక, పదిమంది కలిసి పోతే కోటి. నా దగ్గరికొచ్చేవన్నీ ఒక్కడే పోయిన కేసులు.

రోడ్ల మనిషి (ఒహాయో) జవాబు:

నేను అమెరికాలో రోడ్ల ఇంజినీరుని. మాకు ఈ అంకె రోజూ పనికొచ్చేదే కాబట్టి రాస్తున్నా. కేంద్ర రవాణా శాఖ 2023కి ఇచ్చిన విలువ 1 కోటి 32 లక్షల డాలర్లు. వాడకంలో అర్థం ఏమిటంటే, లక్షలో ఒక వంతు చావు ప్రమాదం తగ్గితే మనిషికి 132 డాలర్ల లాభం. మలుపు దగ్గర రెయిలింగ్ వేయాలా వద్దా అన్నప్పుడు ఇది లేకపోతే ఖర్చు ఒక్కటే కాగితం మీద కనిపిస్తుంది, అప్పుడు ఏ రెయిలింగూ పడదు.

విస్కూసీ పేరు వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పాలి. 1980ల మొదట్లో ఫ్యాక్టరీల్లో రసాయనాల డబ్బాల మీద ప్రమాద హెచ్చరికలు రాయాలన్న నియమం ఆగిపోయింది. కార్మిక భద్రతా శాఖ ప్రాణాలకి లాయర్ గారు చెప్పిన పద్ధతిలో, పోయిన సంపాదన లెక్కన విలువ కట్టింది. ఆ లెక్కన ఖర్చు ఎక్కువ, లాభం తక్కువని బడ్జెట్ శాఖ వెనక్కి పంపింది. తగవు తీర్చమని విస్కూసీని పిలిస్తే ఆయన జీతాలు, ప్రమాదాల నుంచి తీసిన విలువ పెట్టాడు. లాభం ఖర్చుని దాటిపోయింది, 1983లో నియమం వచ్చింది. ప్రాణానికి రేటు కట్టడం పాపం అనేవాళ్లకి నేను ఈ కథే చెబుతాను. రేటు కట్టనంటే ఊరుకోరు, తక్కువ రేటు కట్టేస్తారు.

అయితే మేము పేదవాడి రోడ్డుకి ఒక అంకె, ధనవంతుడి రోడ్డుకి ఒక అంకె వాడం. అందరికీ ఒకటే. ఒకసారి పర్యావరణ సంస్థ విశ్లేషణలో 70 దాటినవాళ్లకి 37 శాతం తగ్గించి చూపితే 2003లో ముసలివాళ్లు గొడవ చేసి ఆపించారు. కాబట్టి అమ్మా, కాంట్రాక్టు వాళ్లకి విడిగా వచ్చిన అంకెని 'వాళ్ల ప్రాణం విలువ' అని మాత్రం పట్టికకి పేరు పెట్టకండి. రేపు ఎవరో ఆ పట్టిక చూపించి వాళ్ల వైపు కప్పుకి బోల్టులు తక్కువ వేస్తారు. 'ప్రమాదానికి వాళ్లకి దక్కుతున్న అదనం' అని పెట్టండి. కొలిచింది అదే.

గోదావరిఖని పిల్ల:

అందరికీ థాంక్స్. గైడు సారుతోని మాట్లాడిన. రెండు సమీకరణాలు వేసి రెండు పట్టికలూ మెయిన్‌ల పెట్టడానికి ఒప్పుకున్నరు, కాంట్రాక్టు పట్టికకు పేరు రోడ్ల మనిషి అన్న చెప్పినట్టే మార్చిన. పర్మినెంటోళ్ల పట్టిక కింద, బాయి బాయికి జీతం మారదు కాబట్టి ఈ ప్లస్ గుర్తు కేటగిరీ తేడా వల్ల రావొచ్చు అని రాస్తున్న. సారుకు అది నచ్చలే గని కొట్టెయ్యలే.

ఇప్పుడు ఇంకో తిప్పలు. డీజీఎంఎస్ (గనుల భద్రత చూసే కేంద్ర సంస్థ) లెక్కలు వెయ్యి మందికి ఎన్ని మరణాలని ఇస్తయి. నాకు కాంట్రాక్టోళ్లకు విడిగా కావాలె. ఎందరు పోయిండ్రో పేపర్లు చూసి పోగుచేయొచ్చు, గని మొత్తం ఎందరు పనిచేస్తున్నరో కాంట్రాక్టర్లు ఒక్కొక్కరు ఒక్కో తీరు చెప్తున్నరు. కింద అంకె తక్కువైతే ప్రమాదం రేటు ఉత్తగనే పెరుగుతది. ఏం చేయాలె?

పాత ఓవర్‌మన్:

కాంట్రాక్టర్‌ను అడగకు. కాంట్రాక్టు మనిషైనా సరే డాక్టర్ పరీక్ష, వీటీసీల (పని నేర్పే ట్రైనింగు సెంటర్) ట్రైనింగు లేకుండ పనిలకు దింపరాదు. ఏ బ్యాచుల ఎందరు, ఏ పనికి, ఏ తారీఖు అన్నీ వీటీసీ రిజిస్టర్ల ఉంటయి. కాలేజీ లెటర్ తీస్కపోయి పేర్లు వద్దు, లెక్క ఒక్కటే కావాలె అని అడుగు. ట్రైనింగు అయినంక పని ఇడిసిపెట్టి పోయినోళ్లు గూడ అందుల ఉంటరు, గందుకని పనిల ఉన్నోళ్ల పేర్లు రాసే బీ ఫారం రిజిస్టర్‌తోని పోల్చుకో, రెండిటి నడుమ ఉంటది నీ అంకె. పొద్దున పది గంటలకు ముందు పో, తర్వాత బ్యాచు లోపలికి పోతే ఎవ్వరు దొరకరు.